చదివించిన కత్తి

మా వీధిలో ప్రతి ఇంటి చూరులోనూ ఒక కత్తి ఉంటుంది. దాంతో కూరగాయలు తరగరు, తాళ్లు కోయరు. హుసేని ముల్లా ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చినప్పుడు ఆ కత్తులన్నీ తెచ్చి ఒక చాప మీద పరుస్తారు. ఆయన వాటి మీద అరబీలో ఏదో చదివి, ఊది పోతాడు. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు ఆ కత్తితో కోడిని కోసినా, పొట్టేలును కోసినా, కోసేవాడు నోరు విప్పకపోయినా, ఆ మాంసం మాకు పనికొస్తుంది. చదివింది కత్తిలోనే ఉంటుందని మా నమ్మకం. దాని బలం తగ్గేలోగా ముల్లా మళ్లీ వస్తాడు.

మేం దూదేకులవాళ్లం. పేర్లు సాహెబుల పేర్లు, మాట్లాడేది తెలుగు. ఉర్దూ రాదు. అరబీ అంటే చెవికి పరిచయమైన మోత, అంతే. ఆళ్లగడ్డ చుట్టూ పల్లెల్లో మాలాంటి వీధులు చాలా ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఆ ముల్లా ఒక్కడే. పెళ్లికైనా చావుకైనా ఆయన బండి రావాలి. కత్తులు చదివించే ఆచారం కూడా అందుకే పుట్టి ఉంటుందని నా అనుమానం. మనిషి రాలేని చోటికి మాటను ఇనుములో పెట్టి పంపించారు. తాతల నాడు ఎవరో తెలివిగలవాడు చేసిన ఏర్పాటు అది. తర్వాతివాళ్లకు అదే మతం అయిపోయింది.

ఈ వీధి నుంచి సముద్రం దాటి అరబీ చదువుకొని వచ్చినవాడు మాబాషా ఒక్కడే. అతని గురించి రాస్తున్నాను.

మాబాషా తండ్రి లాల్ సాహెబ్ ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలంలో పోయాడు. తెల్లవారుజామున ప్రాణం పోతే ముల్లా కోసం మనిషిని పంపారు. ముల్లా ఇంకో ఊళ్లో పెళ్లిలో ఉన్నాడు. మరునాడు పొద్దెక్కిన తర్వాత వచ్చాడు. అంతసేపూ శవం మీద వేపాకు కప్పి, మాబాషా పక్కన కూర్చుని తువ్వాలుతో ఈగలు తోలుతూనే ఉన్నాడు. ఆ వాసన వీధి చివర వరకు వచ్చింది. మట్టి చేయడం మాకు తెలుసు. గొయ్యి తవ్వడం తెలుసు. చచ్చినవాణ్ని ముందు పెట్టుకొని నిలబడి చేసే జనాజా ప్రార్థన మాత్రం ఎవరికీ రాదు.

ముల్లా బండి దిగి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"ఏందప్పా, మీ దూదేకులోల్లకు సచ్చేకి కూడా ఏళాపాళా ల్యాదా? ఈ ఎండల్లోనా?" అన్నాడు.

ఎవరో నవ్వారు కూడా. మాబాషా నవ్వలేదు. మూడోరోజు పెద్దమనిషి పక్కీరప్ప ఇంటికి పోయి చెప్పాడు.

"మన వీధికి మన ముల్లా ఉండాల. నేను నేర్చుకుంటా."

"నీ నోట్లో పొద్దస్తమానం దూది పోగులే ఉంటాయి. అరబీ యాడ పెట్టుకుంటావురా?" అన్నాడు పక్కీరప్ప. ఎగతాళి చేసినా ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టి ఉండదు. ఆయనకూ అరవై దాటింది. తన శవం ఎన్నాళ్లు ఎదురుచూడాలో అని అనుకొనే ఉంటాడు.

నేను అప్పటికే నంద్యాలలో పత్తి మిల్లులో పనిచేస్తున్నాను. అక్కడికి పత్తి కొనడానికి వచ్చే బొంబాయి సేటు ఒకాయనకు ఇరాకులోని బస్రాలో ఖర్జూరాల వ్యాపారం ఉంది. ఆయనకు బిడ్డలు లేరు. పేదవాణ్ని ఒకణ్ని అరబీ చదువుకు పంపిస్తానని మొక్కుకున్నాడని గుమాస్తా చెబితే మాబాషాను తీసుకుపోయి నిలబెట్టాను. సేటు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. గుమాస్తా ఆయన మాటను తెలుగులో చెప్పాడు. నాలుగు నెలలు బస్రాలో తన దుకాణం పక్క మసీదులో ఉండి, జనాజా, నికా చేయించేంత నేర్చుకొని రమ్మన్నాడు. ఆయన మొక్కు, ఇతని పంతం. రెండూ కలిశాయి. దేవుడి పనులు మా దగ్గర ఇట్లాగే జరుగుతాయి.

1955 వేసవి మొదట్లో అతను బయలుదేరినప్పుడు వీధి వీధంతా నంద్యాల స్టేషనుకు వచ్చింది. అతని తల్లి అమీర్‌బీ జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చింది. రైలు కదిలేటప్పుడు ఆమె ఏడవలేదు. "అరబీ అంతా నేర్చుకోని రా నాయనా, కొంచెం కూడా ఆడ ఇడిసిపెట్టొద్దు" అంది. అదేదో కళ్లంలో గింజలు ఊడ్చుకొని రమ్మన్నట్టు.

బస్రా సంగతులు అతను ఒక్కసారిగా చెప్పలేదు. దూది ఏకుతూ ఒకటి, బావి దగ్గర ఒకటి, ఇట్లా చెప్పాడు.

మసీదు చుట్టూ చిన్న చిన్న గదులు. అతని గదిలో కొండల నుంచి వచ్చిన కుర్దు కుర్రాడు ఇంకొకడు. ఇద్దరికీ కలిసే మాట ఒక్కటీ లేదు. చేతులతో మాట్లాడుకునేవాళ్లు. వెలుతురు రాకముందే లేపేవాళ్లు. కూజా నీళ్లతో ముఖం కడుక్కొని, చదువు చెప్పే షేకు చుట్టూ గుండ్రంగా కూర్చోవాలి. షేకు లావుపాటి మనిషి, ఉబ్బసం. ఏలక్కాయ నములుతూ, కళ్లు సగం మూసుకొని పాఠం చెప్పేవాడు. కళ్లు మూసుకున్నా తప్పు మాత్రం వదిలేవాడు కాదు. గొంతులోంచి రావలసిన అక్షరం ఒకటి మాబాషాకు ముక్కులోంచి వచ్చేది. షేకు తన రెండు వేళ్లు అతని గొంతు మీద పెట్టి, ఇక్కడ కదలాలి అని చూపించేవాడు. తన వయసులో సగం కూడా లేని పిల్లలు ఆ అక్షరాన్ని నీళ్లు తాగినట్టు పలుకుతుంటే, ఇతను మేకలాగా అరుస్తూ ఉండేవాడు. పిల్లలు బయట కూడా వెంటబడి మేకలాగా అరిచేవాళ్లు.

"ఎండలు ఎట్లుంటాయి ఆడ?" అని అడిగాను.

"మన ఎండ నెత్తిమీద కొడతాది. ఆడ ఎండ రొమ్ములోకి పోతాది."

మధ్యాహ్నం గదుల్లో ఉండలేరు. మసీదు కింద నేలమాళిగ ఉంది. అందరూ అక్కడికి దిగి తడి గోనెపట్టా వేసుకొని పడుకునేవాళ్లు. నది మీదినుంచి ఉక్క గాలి వచ్చినప్పుడు చొక్కా పిండితే నీళ్లు కారేవి. ఆ గాలికే ఖర్జూరాలు పండుతాయని ఊరివాళ్లు సంతోషించేవాళ్లు. సాయంత్రం మళ్లీ పాఠం. చీకటి పడితే మేడ మీద నీళ్లు చల్లి, వరుసగా పడుకొని, పొద్దున చెప్పినవి వల్లె వేసేవాళ్లు. తిండికి పల్చటి రొట్టె, ఖర్జూరం, మజ్జిగ, చిన్న గాజు గ్లాసులో పాలు లేని టీ. కారం అనేది లేదు. సేటు దుకాణంలో ఎండుమిరపకాయలు అడుక్కొని తెచ్చి తలగడలో దాచుకున్నాడు. కుర్దువాడు అది ఏదో మందు అనుకొని ఒకటి నమిలి, కళ్ల నీళ్లు పెట్టుకొని, మూడు రోజులు ఇతనితో చేతులతో కూడా మాట్లాడలేదు.

ఒకనాడు బజారులో దూది ఏకే వింటి తాడు మోత వినిపించింది. మన మోతే. పోయి చూస్తే ముసలాయన ఒకడు దూది ఏకుతున్నాడు. విల్లు అదే, కొట్టే చెక్క అదే, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం కూడా అదే. మాబాషా అట్లాగే నిలబడిపోయాడు. ముసలాయన చూసి, చోటు ఇచ్చాడు. ఇతను కూర్చుని ఏకాడు. చుట్టూ ఉన్నవాళ్లు బాగా చేశావని భుజం తట్టి టీ తాగించారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పోయేవాడు. ఆ ఊళ్లో అతన్ని ఎవరూ దూదేకులోడా అని పిలవలేదు. హిందీ అని పిలిచేవాళ్లు, అంటే హిందూదేశం వాడని.

గొంతు అక్షరం చివరికి వచ్చింది. మాటలకు అర్థాలు రావడం మొదలైంది. జనాజాలో చదివే మాటల అర్థం షేకు చెప్పిన రోజు అతను పాఠం మధ్యలో లేచి బయటికి పోయాడట.

"సచ్చినోల్లనే గాదు, బతికుండేవోల్లను కూడా మన్నించమని అడుగుతారంట. ఊర్లో ఉండేవోల్లను, ఊర్లో ల్యానోల్లను కూడా. నాయన మీద ఇంత మంచి మాటలు చదివినారని నాకు ఆడ తెలిసె. ఆ పొద్దు ముక్కు మూసుకొని చదివె గదా ముల్లా, ఒక్కటి కూడా తెలీల్యా" అన్నాడు.

తర్వాత బక్రీదు వచ్చింది. అంతా అక్కడే తలకిందులైంది.

మసీదు వాకిట్లో షేకు తన చేత్తో పొట్టేళ్లను కోశాడు. మొదటిదాన్ని పడుకోబెట్టి దేవుడి పేరు చెప్పి కోశాడు. రెండోదాన్ని పడుకోబెట్టినప్పుడు మళ్లీ చెప్పాడు. మూడోదానికి మళ్లీ. మాబాషాకు ఆశ్చర్యమేసింది. అప్పటికి వచ్చిన అరబీతో అడిగాడు. కత్తి మీద ఒకసారి చదివారు కదా, మళ్లీ మళ్లీ ఎందుకు అని. షేకుకు అర్థం కాలేదు. ఇతను ఇంకా వివరంగా చెప్పాడు. మా దేశంలో ఒక ఊరుంది, అక్కడ ముల్లా వచ్చి కత్తుల మీద చదివిపోతాడు, మళ్లీ వచ్చేదాకా అది పనిచేస్తుంది అని. షేకు ఒక క్షణం ఆగి నవ్వడం మొదలుపెట్టాడు. ఉబ్బసంతో దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కుర్రాళ్లు నేల మీద పడి దొర్లారు. కుర్దువాడు కత్తి చెవి దగ్గర పెట్టుకొని, ఏం చెబుతుందో విన్నట్టు నటించాడు.

"నువ్వేం చేసినావు?" అన్నాను.

"నేను గూడా నవ్వితి" అన్నాడు. "వాల్ల కంటే ఎక్కువ నవ్వితి."

ఆ సాయంత్రం షేకు అతన్ని మేడ మీద పక్కన కూర్చోబెట్టుకొని మెత్తగా చెప్పాడు. తెలియక తిన్నవాళ్ల మీద పాపం లేదు. కోసేటప్పుడు చెప్పవలసినవి నాలుగు మాటలే, ఎవరైనా చెప్పవచ్చు. ముల్లా అక్కర్లేదు. జనాజా కూడా అంతే, నేర్చుకున్నవాడు ఎవడైనా నిలబడి చదవవచ్చు. పోయి నీవాళ్లకు నేర్పు. తెలిసి చెప్పకుండా ఉంటే మాత్రం, వాళ్ల పాపం నీ మీద ఉంటుంది.

ఆ మాటతో వచ్చాడు మాబాషా. వీధికి ఇంతకన్నా మంచి వార్త ఉంటుందని అతను అనుకోలేదు. ఎవరి బండి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. అందరూ ముల్లాలే.

వచ్చిన వారానికే వీధిలో ఒక ముసలామె పోయింది. పొద్దున పోతే మధ్యాహ్నానికల్లా మట్టి అయిపోయింది. మాబాషా ముందు నిలబడి చదివాడు, వీధంతా వెనక నిలబడింది. పక్కీరప్ప తిరిగి వస్తూ నాతో, "ఇంగ నేను ఎప్పుడు సచ్చినా ఫికర్ ల్యాదు" అన్నాడు. మనిషి ముఖంలో అంత నిశ్చింత అంతకుముందు నేను చూడలేదు. అమీర్‌బీ ఆ రోజు గుమ్మం ముందు రెండుసార్లు అలికింది.

ఆ శుక్రవారమే పక్కీరప్ప మాబాషా వాకిట్లో చాప పరిపించాడు. ఇళ్ల నుంచి కత్తులు వచ్చాయి. ఆడవాళ్లు వాటిని బూడిదతో తోమి తళతళలాడించి తెచ్చారు.

మాబాషా కత్తులను చూశాడు. తల ఎత్తి చెప్పడం మొదలుపెట్టాడు. షేకు చెప్పినట్టే మెత్తగా చెప్పాడు. కత్తిలో ఏమీ ఉండదు. కోసేటప్పుడు నాలుగు మాటలు అంటే చాలు. ఆ మాటలు ఇప్పుడే నేర్పిస్తాను, మీరే అనుకోండి, జనాజా కూడా నేర్పిస్తాను.

జనం కత్తుల వంకా, మాబాషా వంకా చూశారు.

"అంటే ఇన్నాల్లు మేం తినింది?" అన్నాడు పక్కీరప్ప.

"తెలీక తినింది. తప్పు ల్యా."

"ఇప్పుడు తెలిసె గదా."

"తెలిసె గాబట్టి మాటలు నేర్చుకోండి."

"ఈ నోటితోనా? పొద్దున లేచినకాన్నించి ఎద్దులను తిట్టే నోరురా ఇది. దీంట్లో ఆ మాట పెడితే మైల గాదూ?"

"పెద్దాయనా, ఆడ చేపలమ్మేవోడు కూడా అంటాడు."

"ఆడ వాడు అరబ్బోడు. పుట్టుకతోనే అరబీ. మనమేంది?" పక్కీరప్ప లేచి తన కత్తి తీసుకున్నాడు. "మాకు ముల్లా కావాలని నిన్ను పంపితిమి. మీరే ముల్లాలు కాండని చెప్పేకి సముద్రం దాటి పోవాల్నా? ఈ మాట ఆళ్లగడ్డలో కూకోనే చెప్పొచ్చు గదరా."

ఒక్కొక్కరే కత్తులు తీసుకొని పోయారు. కోపంగా కూడా పోలేదు. కోపంగా పోయి ఉంటే బాగుండేది.

మా వీధివాళ్లు మూర్ఖులని రాయడం నాకు సులువు. కానీ వాళ్ల లెక్క నాకు తెలుసు. నోరు శుద్ధిగా ఉన్నవాడొకడు తమ బదులు పైవాడితో మాట్లాడితే వాళ్లకు ధైర్యం. తామే మాట్లాడాలంటే, తప్పు పోతే ఎవరిది? ఆ భయాన్ని ఏ షేకూ గొంతు మీద వేళ్లు పెట్టి తీయలేడు.

హుసేని ముల్లాకు సంగతి తెలిసి, పిలవకుండానే వచ్చాడు. కత్తులన్నీ చదివాడు. పోతూ పోతూ బండి మీద నుంచి చెప్పాడు.

"వాడు ఆడ చెడిపోయి వచ్చినాడు. వాని ఎనక నిలబడినోని మట్టికి నేను రాను. మీ ఇష్టం."

అంతటితో అయిపోయింది. మాబాషా వెనక నిలబడేవాళ్లు లేరు. తర్వాత పోయిన ఇద్దరి శవాలు మళ్లీ బండి కోసం ఎదురుచూశాయి. మాబాషా ఆ ఇళ్ల ముందు నుంచి విల్లు భుజాన వేసుకొని పనికి పోతుంటే, ఆడవాళ్లు ముఖాలు తిప్పుకొనేవాళ్లు.

ఇంట్లో సంగతి ఇంకా కష్టం. అమీర్‌బీ అతను దేవుడి పేరు చెప్పి కోసిన కోడిని ముట్టలేదు. కొడుకును చెడిపోయాడన్న ముల్లా చదివిన కత్తితో పక్కింట్లో కోసినదాన్నీ ముట్టలేదు.

"ఏందిమ్మా, ఇది సరిగ్గా కోసిందే" అన్నాడు.

"మీ నాయన తినింది ఏది?"

"అది తెలీక..."

"మీ నాయన తినిందే నాకు గావాల. ఇది మంచిదని నేను తింటే, ఆయన తినింది చెడ్డదని నా నోటితో నేను చెప్పినట్టే గదా."

"తెలీకుండా తింటే పాపం ల్యాదని షేకు చెప్పినాడు."

"ల్యాదా?"

"ల్యాదు."

"మరి మాకెందుకు చెప్పినావురా? తెలీకుండానే ఉంటిమి గదా. నీ ఒక్కని దగ్గర పెట్టుకోని ఉంటే పోయేదానికి అందరికీ పంచితివి."

నేను ఆ పూట అక్కడే ఉన్నాను. షేకు పాఠాల్లో ఆ ప్రశ్న వచ్చి ఉండదు.

రెండేళ్లు అట్లాగే గడిచింది. యాభై ఏడు చివర్లో అమీర్‌బీకి జ్వరం పట్టి వదల్లేదు. మనిషి మంచానికి అతుక్కుపోయింది. ఆళ్లగడ్డ డాక్టరు వచ్చి, మందు కన్నా ముందు ఒంట్లో బలం రావాలి, కోడి రసం తాపండి అన్నాడు. మాబాషా కోడిని తెచ్చాడు. ఆమె పెదవులు బిగించుకుంది. అతను బతిమాలాడు. కోప్పడ్డాడు. చివరికి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"కత్తి చదువు" అంది ఆమె. "చదివి చూర్లో పెట్టు. రేపు పొద్దున తీసి కోయి. కోసేటప్పుడు నోరు తెరిసినావంటే నేను తాగను."

అతను లేచి చూరులోంచి తండ్రి కత్తి తీశాడు. ఆమె ముందు కూర్చుని చదివాడు. గొంతులో పలకవలసినవి గొంతులోనే పలికాడు. ఆ ఇంట్లో ఆ కత్తి మీద అంత శుద్ధమైన అరబీ ఎప్పుడూ పడి ఉండదు. ఊదాడు. చూరులో పెట్టాడు. పొద్దున ఆమె మంచం గుమ్మం దగ్గరికి జరిపించుకొని, అతని నోటి వంకే చూస్తుంటే కోశాడు.

తర్వాత నేను అడిగాను, కోసేటప్పుడు ఆ నాలుగు మాటలూ లోపల అనుకున్నావా అని.

"అనుకోల్యా" అన్నాడు. "అనుకోనుంటే ఆమెను మోసం చేసినట్టు గదా."

అమీర్‌బీ రసం తాగింది. నెలకు లేచి కూర్చుంది. కూర్చోగానే చేసిన మొదటి పని, వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పడం. "నా కొడుకు కత్తి చదివినాడు. బస్రా చదువుతో చదివినాడు. హుసేనికి వస్తాదా అట్లా?"

ఆ శుక్రవారం మాబాషా తలుపు తీసేసరికి వాకిట్లో చాప పరిచి ఉంది. దాని మీద కత్తులు. పక్కీరప్ప పక్కన నిలబడి ఉన్నాడు, కళ్లు నేలకు దించుకొని. "అయిందేదో అయ్యె. మా మీద కోపం పెట్టుకోవద్దు సామీ" అన్నాడు. తన మనుమడి వయసు వాణ్ని సామీ అన్నాడు. మాబాషా చాప మీద కూర్చున్నాడు. ఒక్కొక్క కత్తినీ చేతికి తీసుకొని చదివాడు.

ఇప్పుడు అరవయ్యో సంవత్సరం. హుసేని ముల్లా మా వీధికి రావడం మానేశాడు. శవాలు ఎదురుచూడడం లేదు. పక్కీరప్ప నిరుడు పోతే గంటల్లో మట్టి అయ్యాడు. అమీర్‌బీ కూడా పోయింది, వీధంతా అతని వెనక నిలబడింది. ఏం కోరి అతను ఓడ ఎక్కాడో అదంతా దక్కింది. చుట్టుపక్కల వీధులు కూడా కత్తులు పంపిస్తున్నాయి. అతను మాత్రం మాంసం ముట్టడు. పెద్ద భక్తుడని జనం దానికి ఇంకా మొక్కుతారు.

మొన్న సెలవుకు పోయినప్పుడు దూది ఏకుతున్నాడు. పక్కన కూర్చుని, ఆ నాలుగు మాటలూ, జనాజా కూడా నాకు నేర్పించమన్నాను. నువ్వు నేర్పిస్తానని వచ్చావు, ఎవరూ నేర్చుకోలేదు, నేనైనా నేర్చుకుంటాను అన్నాను.

అతను తాడు కొట్టడం ఆపలేదు.

"నీకు నేర్పితే నీకు తెలుస్తాది. తెలిసినంక చదివించిన కత్తితో కోసింది తిన్నావంటే ఆ పాపం నీదే అయితాది. వద్దులేప్పా. ఇప్పుడు అందరిదీ నా ఒక్కని దగ్గర ఉంది. ఉండనీ."

"ఎన్నాళ్లుంచుకుంటావు?"

మాబాషా దూది పక్కకు నెట్టి, ముక్కు మీది గుడ్డ విప్పి దులిపాడు. మళ్లీ కట్టుకున్నాడు. "పొద్దు పోయింది. రేపు ఈ పరుపు ఇయ్యాల" అన్నాడు.